అడిగినవారికి లేదనరాదు

గుఢియారీ, రాయ్‌పూర్
12 మార్చి 2016

పిచుకా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నేను ఏడుస్తాను, అది విని నువ్వు ఏడుస్తావు, ఇద్దరం పెట్టేస్తాం. మూడు నెలలుగా ఒక్క మాట కూడా చివరిదాకా మాట్లాడుకోలేదు. కాగితమైతే నయం. కళ్లు తుడుచుకుని వచ్చి మళ్లీ రాసుకోవచ్చు. నేను చదివింది నాలుగో తరగతేనని నీకు తెలుసుగా. బైబిలు చదవడం కోసం దిద్దుకున్న అక్షరాలివి. అందుకే పెద్దగా, లావుగా పడతాయి. తప్పులుంటే సర్దుకుని చదువు.

ఇక్కడ అప్పుడే ఎండలు మొదలయ్యాయి. పక్కింటి బిసాహిన్ రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి "కాబర్ రోవత్ హస్ దాయీ?" అంటుంది, ఎందుకు ఏడుస్తున్నావమ్మా అని. దానికి జవాబు తెలుసు. తెలిసే అడుగుతుంది. అడిగి, చీపురు తీసుకుని నా వాకిలి కూడా ఊడ్చి పోతుంది.

నిన్ను ఒకటి అడగాలి. వరదకి రైళ్లు ఆగిపోయి నేను చెన్నై చేరేసరికి తొమ్మిదో రోజు. సెల్లారులోకి దిగిన నా కొడుకు స్కూటరు తోసుకుంటూ పైకి రాలేకపోయాడని ఎవరో చెప్పారు. నేను వాడి ముఖం చూడలేదు, సమాధి మీద మట్టి చూశాను. ఆ మట్టి రెండు చేతులతో తడిమాను. తర్వాత చేతులు కడుక్కుందామంటే మీ చర్చి ఆవరణలో నీళ్లు లేవు. ఊరంతా నీళ్లే, మోకాళ్ల దాకా నీళ్లే, తాగడానికి గ్లాసుడు లేవు. వాచ్‌మన్ మూల డ్రమ్ము చూపించాడు. అందులో చచ్చిన బొద్దింక తేలుతోంది. ఆ చేతులతోనే రైలెక్కాను.

మా రేపల్లె వైపు పోయినవాళ్ల పేరున చర్చికి ఫ్యాన్లు ఇస్తారు. రెక్కల మీద పేరు రాయిస్తారు. స్విచ్చి వేయగానే ఆ పేరు గిరగిరా తిరిగి కనబడకుండా పోతుంది. నాకది నచ్చదు. నేను నా బిడ్డ పేరున ఆ సమాధుల తోటలో బోరు వేయిస్తాను. మీ మావయ్య రైల్వేలో ముప్పై ఏళ్లు వ్యాగన్ల కింద దూరి సంపాదించి నా పేరున ఉంచింది ఉంది. అది ఇంక ఎవరి కోసం దాచను?

కమిటీ పెద్దలతో మాట్లాడు. మోటారు పెద్దది పెట్టించమను. ఆ పక్కన రాయి పాతించి, తరుణ్ పేరు కింద ఒక్క మాట చెక్కించు. "అడిగినవారికి లేదనరాదు." ఇది నా షరతని కాగితం మీద రాయించు. నా వేలిముద్ర కాదు, సంతకం పెడతాను.

నీ అత్తమ్మ,
అన్నమ్మ


చెన్నై
26 జూన్ 2016

అత్తమ్మకు రజని నమస్కారాలు.

నీళ్లు పడ్డాయి. రెండు వందల ఇరవై అడుగుల్లో, తియ్యటివి. సముద్రం ఇక్కడికి మైలు దూరమే కదా, ఉప్పునీళ్లు పడతాయేమోనని అందరూ భయపడ్డారు. బోరుబండి మేస్త్రీ మొదటి దోసిలి తాగి, నా వైపు చూసి "అమ్మా, ఇది ఇళనీరు" అన్నాడు. అంటే కొబ్బరినీళ్లు. నేను కూడా తాగాను. ఆసుపత్రి యూనిఫామ్ మీదే వెళ్లాను, ముందంతా తడిసిపోయింది.

రాయి పాతించాను. మీరు చెప్పిన మాట తెలుగులో, కింద తమిళంలో చెక్కారు. కమిటీ పుస్తకంలో మీ షరతు రాసి, మీరు పంపిన సంతకం అంటించారు. దాత మాట మార్చాలంటే దాతే రాయాలట, అలా తీర్మానం చేశారు. ఒక పెద్దాయన "మీ అత్తగారు గట్టి మనిషి" అన్నారు. మీరు గట్టి మనిషేంటి అత్తమ్మా, చపాతీ పిండి కలుపుతూ కూడా ఏడుస్తారు.

సమాధి దగ్గర నందివర్ధనం మొక్క పెట్టాను. బోరు నీళ్లే పోస్తున్నాను.

మీ రజని


చెన్నై
30 జూన్ 2019

అత్తమ్మా,

మీరు టీవీలో చూసి కంగారుపడి ఉంటారు. నిజమే, ఊళ్లో నీళ్లు లేవు. చెరువులు అడుగు తేలాయి. మా ఆసుపత్రిలో చేతులు కడుక్కోవడానికి కూడా మగ్గు లెక్క. మా వీధిలో మాత్రం తరుణ్ బోరు ఉంది. తెల్లవారకముందే ప్లాస్టిక్ బిందెలు చర్చి గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా వరసలో ఉంటాయి. ఆకుపచ్చవి, ఎర్రవి, నీలంవి. బిందెల వెనక మనుషులు కూర్చుని కునుకు తీస్తుంటారు.

మల్లేశ్వరరావు గారని నీళ్ల ట్యాంకర్లు నడిపే ఆయన ఒకరున్నారు, నెల్లూరు వైపు మనిషి. బోరు లేని వీధులకి లారీతో తీసుకెళ్తానని కమిటీని అడిగారు. కమిటీ వాళ్లు రాయి చూపించి, లేదనకూడదని దాత రాశారు, నింపుకో అన్నారు. ఆయన తన లారీల మీద తరుణ్ పేరు రాయించారు. ఇక్కడ నాకొకటి జరిగింది. మీకు చెప్పాలో వద్దో కూడా తెలియడం లేదు. నిన్న డ్యూటీ నుంచి వస్తుంటే వీధి చివర ఒకావిడ డాబా మీద నుంచి "తరుణ్ వచ్చాడు! తరుణ్ వచ్చాడు!" అని అరిచింది. వెనక్కి తిరిగి చూశాను అత్తమ్మా, సిగ్గులేకుండా. లారీ.

మీ రజని


గుఢియారీ
14 జూలై 2019

పిచుకా,

నీ ఉత్తరం మహిళా సమాజంలో చదివి వినిపించాను. నాలుగుసార్లు. మందిర్ హసౌద్ నుంచి వచ్చిన రమణమ్మ, మన దూరపు చుట్టం రమణమ్మే, ముక్కు చీదుకుంటూ "వదినా, నీ కొడుకు ఊరికి నీళ్లు పోస్తున్నాడే" అంది. నువ్వు పంపిన లారీ ఫొటో ప్లాస్టిక్ వేయించి గోడకి పెట్టాను. బిసాహిన్ వచ్చి దానికి దణ్ణం పెట్టింది. లారీకి దణ్ణమేంటే అంటే, పేరుకి అంది.

మా బస్తీ వెనక తలాబ్, అదే చెరువు, అది కూడా పూడ్చేసి ఇళ్లు కట్టారు. కార్పొరేషన్ ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకుంటున్నారు. అది చూసినప్పుడల్లా, నా బిడ్డ ఉన్న వీధిలో ఆ గొడవ లేదు కదా అనుకుంటాను.

ఒక లారీ ఎందుకు, నాలుగు నింపమను. నీళ్లు తగ్గితే ఇంకా లోతు దించమను. ఆపొద్దు. ఆ మోటారు నడుస్తున్నంత సేపూ నా కొడుకు ఊపిరి తీస్తున్నట్టుంది నాకు.

నీ అత్తమ్మ


గుఢియారీ
15 నవంబర్ 2021

రజనికి,

సమాధుల పండుగకి నువ్వు తీసిన ఫొటో చేరింది. సున్నం వేయించావు, కొవ్వొత్తులు పెట్టావు, సరే. పాత ఫొటో పక్కన పెట్టి చూశాను. అప్పుడు సమాధి నడుము ఎత్తు ఉండేది, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద వాక్యం అన్నీ కనబడేవి. ఇప్పుడు వాక్యం లేదు. మట్టిలోకి పోయింది. పోయిన తేదీ సగం ఉంది.

ఆరేళ్లకే సమాధి కుంగిపోతుందా? మా నాన్న సమాధి రేపల్లెలో నలభై ఏళ్లుగా అలాగే ఉంది. చూసేవాళ్లు లేకపోతే అంతే. నీకు ఆసుపత్రి ఉంది, పనులున్నాయి, వయసుంది. నేను ముసలిదాన్ని, మోకాళ్లు పట్టేశాయి, వెయ్యి మైళ్ల దూరంలో ఉన్నాను. లేకపోతే రోజూ వెళ్లి నా చేతుల్తో మట్టి తీసేదాన్ని.

ఎత్తు పెంచించు. చేతకాకపోతే చెప్పు, వేరేవాళ్లని పెడతాను.

అన్నమ్మ


చెన్నై
2 డిసెంబర్ 2021

అత్తమ్మా,

కోప్పడకండి. ఈసారి వానలు ఎక్కువ. మట్టి కొట్టుకొచ్చి చేరింది. మేస్త్రీతో మాట్లాడాను, ఎత్తు పెంచుతాడు.

ఇవాళ తారీఖు చూశారుగా. ఎక్కువ రాయలేను.

రజని


గుఢియారీ
10 సెప్టెంబర్ 2023

రజనికి,

రమణమ్మ కంటి ఆపరేషన్‌కి చెన్నై వచ్చి వెళ్లింది. నిన్ను చూద్దామని చర్చికి వచ్చిందట, నువ్వు ఆమెని చూడలేదు. ఆమె అన్నీ చూసి వచ్చింది. తిరిగి వచ్చాక నా మంచం మీద కూర్చుని గంటసేపు చెప్పింది.

సమాధి ఇంకా కిందకే పోయిందట. చుట్టూ నీళ్లు నిలిచి, దాని మీద కప్పలు కూర్చున్నాయట. అది ఒకటి.

రెండోది, నా కొడుకు బోరు మూసేయాలని కమిటీతో పోట్లాడుతున్నది ఎవరో కాదు, నువ్వేనట. ఎవరో గిరిధర్ అనేవాడు స్కూటరు మీద నిన్ను ఎక్కించుకుని తిప్పుతున్నాడట. ఆ గోడలూ ఈ గోడలూ కొలుచుకుంటూ ఇద్దరూ నవ్వుకుంటున్నారట.

పిల్లా, నువ్వు మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే నేను అడ్డమా? ఒక్కసారైనా అన్నానా? దానికి వాడి పేరు ఎందుకు చెరపాలి? వాడికి పిల్లలు లేరు, ఇల్లు లేదు, ఈ లోకంలో వాడు ఉన్నాడనడానికి ఆ రాయొక్కటే ఉంది. అదీ మూసేస్తే నీకు తేలికవుతుందా?

నీకు ఏం కావాలో సూటిగా రాయి.

అన్నమ్మ


చెన్నై
24 సెప్టెంబర్ 2023

అత్తమ్మా,

మీ ఉత్తరం ఆసుపత్రి క్యాంటీన్లో చదివాను. నవ్వొచ్చింది, తర్వాత ఏడ్చాను, ముందో వెనకో గుర్తులేదు.

గిరిధర్ గారికి డెబ్బై రెండేళ్లు. భూగర్భజలాల ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. మా చర్చి ఆయనే. పైపళ్లు కట్టించుకున్నవి, నవ్వితే ఊడతాయని చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. రమణమ్మ అత్త కంటికి అప్పటికి కట్టు విప్పి ఉండరు.

ఇక సూటిగా రాస్తాను. ముందే రాయాల్సింది, నాకు ధైర్యం లేకపోయింది.

2021లో మట్టి కొట్టుకొచ్చిందని అబద్ధం చెప్పాను. మట్టి పైకి రాలేదు, సమాధి కిందకి దిగింది. దాన్ని రెండుసార్లు పైకి కట్టించాను. కట్టిన బరువుకి ఇంకా దిగింది. తరుణ్‌ది ఒక్కటే కాదు, ఆ వరస మొత్తం అంతే. చర్చి ప్రహరీ మధ్యలో విరిగింది. పక్క వీధి ఇళ్లకి మెట్లు మూడుండేవి, ఇప్పుడు రెండు. మొదట్లో మేం మేస్త్రీలనే తిట్టుకున్నాం.

గిరిధర్ గారు గోడలకి మేకులు కొట్టి, రెండేళ్లుగా కొలుస్తున్నారు. నేల కుంగుతోంది. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. నేల గట్టిగా ఉంటుందని మనం అనుకుంటాం గానీ, కింద ఇసుకా బంకమన్నూ నీళ్లు పట్టుకుని ఉంటాయి. ఆ నీళ్లే దాన్ని కొంత మోస్తాయి. నీళ్లు తోడేస్తే మన్ను అణిగిపోతుంది. వానాకాలంలో మళ్లీ నీళ్లు వచ్చినా అణిగింది పూర్తిగా లేవదు. మీరు అక్కడ చలికి కప్పుకునే రజాయి ఉంది కదా, కూర్చుని కూర్చుని నడుమ అణిగిపోతుందే, అలా.

2019 వేసవి అయ్యాక బిందెలు ఆగిపోయాయి, లారీలు ఆగలేదు. హోటళ్లకి, కొత్త అపార్టుమెంట్లకి వెళ్తున్నాయి. రోజంతా మోటారు నడుస్తూనే ఉంటుంది. మన బోరులో నీళ్లు చూసి ఈ వీధిలోనే ఇంకో పదకొండు మంది బోర్లు వేశారు, అన్నీ లారీలకే. మన ఒక్క బోరు వల్లే ఇదంతా అని గిరిధర్ గారు అనడం లేదు. అన్నిటికన్నా పెద్దది, లోతైనది మాత్రం మనదే, నీళ్లతో సన్నటి ఇసుక కూడా తెస్తోంది అన్నారు. మీరు లోతు దించమన్నారు. నేనే నిలబడి దింపించాను. అందుకని మిమ్మల్ని ఒక్కరినీ అనను.

తియ్యటి నీళ్లు ఖాళీ అయిన చోటికి సముద్రం జరిగి వచ్చింది. ఇప్పుడు వీధిలో చిన్న బావులు, చేతిపంపులు అన్నీ ఉప్పే. నందివర్ధనం పోయిన ఏడే ఎండిపోయింది.

కమిటీకి దరఖాస్తు ఇచ్చాను. మల్లేశ్వరరావు గారు లేచి, చేతులు కట్టుకుని, "ఏమ్మా నర్సమ్మా, అడిగినోళ్లకి లేదనొద్దని మీ అత్తగారే కదా రాయించారు. నేనూ అడుగుతున్నా. నేను మనిషిని కాదా?" అన్నారు. అందరూ నవ్వారు. చర్చికి కొత్త పైకప్పు ఆయనే వేయించారు మరి. చివరికి కమిటీ, దాత రాసిస్తే మూస్తాం, లేకపోతే పోయినవాళ్ల పేరున పెట్టిన షరతు మేం మార్చలేం అంది.

అన్ని బోర్లూ మూయించడం నా వల్ల కాదు. మొదట వేసింది మనం కాబట్టి మొదట మూసేది కూడా మనమైతే, మిగతా వాళ్లని అడగడానికి నాకు నోరుంటుంది.

మీరు రాసివ్వండి అత్తమ్మా. రెండు వాక్యాలు చాలు.

మీ రజని


గుఢియారీ
9 అక్టోబర్ 2023

రజని,

చదివాను. ఇంజినీరు గారిని అన్నందుకు తప్పు నాదే, ఆయనకి చెప్పు.

బోరు సంగతి మాత్రం నేను రాసివ్వను. లారీలు ఎక్కువైతే లారీలు తగ్గించమను. నీళ్లు ఇచ్చేదాన్ని మూసేయడం పాపం. దాహమైనవాడికి నీళ్లు లేవనే మాట నా చేత రాయించకు. ఆ మాట నేను ఒకసారి విన్నాను, నా బిడ్డ మట్టి చేతులకి అంటుకుని ఉండగా.

ఇంక ఈ విషయం రాయొద్దు.

అన్నమ్మ


చెన్నై
19 డిసెంబర్ 2023

అత్తమ్మా,

రాయొద్దన్నారు. అయినా రాస్తున్నాను. మీరు ఫోను చేసి ఎలా ఉన్నావని అడిగినప్పుడు బాగున్నానన్నాను. ప్రాణానికి బాగానే ఉన్నాను.

తుఫాను వాన రెండు రోజులు కురిసి ఆగింది. పక్క వీధుల్లో నీళ్లు మూడో రోజుకి తీశాయి. మా వీధిలో పదకొండు రోజులు నిలిచాయి. మా వీధి ఇప్పుడు పళ్లెం నడుమలా ఉంది, చుట్టుపక్కల నీళ్లన్నీ ఇక్కడికే వస్తాయి, పోవడానికి దారి లేదు. కింది ఇళ్ల వాళ్లందరూ చర్చి మేడ మీదే ఉన్నారు. నేను అక్కడే మందులు ఇచ్చాను. పిల్లలకి జ్వరాలు, ముసలివాళ్ల కాళ్లకి పుళ్లు.

ఆరో రోజు మల్లేశ్వరరావు గారి లారీ నడుం లోతు నీళ్లలో వచ్చి గేటు ముందు ఆగింది, తాగేనీళ్లు అమ్మడానికి. పొలాల వైపు ఎక్కడి నుంచో తెచ్చారు. బిందె ఇంత అని అరుస్తున్నారు. అప్పుడు సెల్వి అనే ఆవిడ, 2019లో డాబా మీద నుంచి సంతోషంగా అరిచిందని రాశానే, ఆవిడే, పిట్టగోడ దగ్గరికి వెళ్లి లారీ మీద పేరు చూసి ఉమ్మింది. తమిళంలో అన్న మాట తెలుగులో రాస్తున్నాను. "తరుణ్, నా బావి తాగావు, నా ఇల్లు ముంచావు, ఇప్పుడు నా పిల్లకి నీళ్లు అమ్ముతున్నావా? నిన్ను కన్నది ఎవత్తిరా?"

ఆ పేరు మనిషిదని ఆవిడకి తెలియదు అత్తమ్మా. ఏదో కంపెనీ అనుకుంటోంది. ఆవిడ కూతురి చేతికి నేను అప్పుడే సెలైన్ సూది గుచ్చుతున్నాను. నేను తరుణ్ భార్యనని చెప్పలేకపోయాను.

వీధిలో చాలామంది అలాగే అంటారు. మూడేళ్లుగా వింటున్నాను. "తరుణ్ వచ్చి నీళ్లు ఉప్పయ్యాయి." "తరుణ్ వచ్చి గోడ పగిలింది." మీకు రాయలేదు. మీ గోడ మీద ఫొటో ఉంది కదా.

సమాధి పూర్తిగా నీళ్ల కిందే ఉంది. ఎక్కడుందో అందాజుగా చూసి మేడ మీద నుంచే ప్రార్థన చేశాను.

రజని


గుఢియారీ, రాయ్‌పూర్
29 జనవరి 2024

పిచుకా,

నెల దాటింది నీ ఉత్తరం వచ్చి. రోజూ తీశాను, రోజూ మడిచి పెట్టాను. ఆ ఆవిడ అన్న మాట దగ్గరికి రాగానే కళ్లద్దాలు తీసేస్తాను. మళ్లీ పెట్టుకుంటాను.

మొదట నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు, ఆ సెల్వి మీద. నా బిడ్డ ఎవరికి ఏం అపకారం చేశాడని? వాడు చేసిందల్లా ఒక స్కూటరు కోసం కిందికి దిగడమే. రమణమ్మకి చెప్పుకుందామంటే ఆమె ఊరంతా చాటుతుంది. బిసాహిన్‌కి చెప్పాను. కాగితం అడ్డం పెట్టుకుని, తెలుగు చదివి, నాకొచ్చిన హిందీలోకి మార్చి చెప్పాను. అది పప్పు ఏరుతూ మొత్తం విన్నది. విని, పళ్లెం కింద పెట్టి అడిగింది. "తోర్ బేటా పానీ బేచత్ రిహిస్ కా, దాయీ?" నీ కొడుకు నీళ్లు అమ్మేవాడా అని.

నిజంగానే అడిగింది, ఎగతాళికి కాదు. లారీ ఫొటో ఇన్నేళ్లు చూసి అది అలాగే అనుకుంది. నా కొడుకు నీళ్ల వ్యాపారి అని.

నా కొడుకు ఎవరో నా పక్కింటిదానికే తెలియదు. వాడు చిన్నప్పుడు రైల్వే కాలనీలో కుక్కపిల్లలన్నిటికీ పేర్లు పెట్టేవాడని, ఉప్మా అంటే పారిపోయేవాడని, నన్ను అన్నమ్మగారూ అని పేరు పెట్టి పిలిచి తన్నులు తినేవాడని ఏదీ తెలియదు. లారీ తెలుసు. ఆ ఊళ్లో వాళ్లకీ లారీయే తెలుసు. నేను రాయి పాతి వాడిని బతికించానని అనుకున్నాను. వాడి స్థానంలో లారీని పెట్టానే తల్లీ.

ఆ రోజంతా కూర్చుని బిసాహిన్‌కి వాడి సంగతులు చెప్పాను. అన్నీ. సాయంత్రం దీపాలు పెట్టే వేళ వరకు. ఎనిమిదేళ్లలో ఎవరికీ చెప్పలేదు. అది రెండుసార్లు నవ్వింది, ఉప్మా దగ్గర, కుక్కల దగ్గర. దాని నవ్వు చూసి నేను కూడా నవ్వాను. తర్వాత లేచి ఆ ఫొటో గోడ మీద నుంచి నేనే తీసేశాను.

రజాయి మాట బాగా చెప్పావు. ఇక్కడ చలికాలం దూది ఏకేవాడు తంత్రి పట్టుకుని వీధిలోకి వస్తాడు, అణిగిన దూదిని కొట్టి లేపి ఇస్తాడు. నేలని ఏకేవాడు ఎవడూ లేడు కదా. అది నాకు అప్పుడే తెలిసి ఉంటే లోతు దించమని రాసేదాన్ని కాదు.

నువ్వు అడిగిన కాగితం విడిగా మడిచి లోపల పెట్టాను. ఇలా రాశాను, చూసుకో.

"చర్చి కమిటీ పెద్దలకు, తరుణ్ తల్లి అన్నమ్మ రాయ్‌పూర్ నుంచి రాస్తున్నది. అడిగినవారికి లేదనరాదని రాయించింది నేనే. మనుషులే అడుగుతారని అనుకున్నాను. అడగడానికి నోరు లేనిది కింద నేల ఒకటి ఉందని నాకు తెలియలేదు. ఆ మాట నేను తీసేసుకుంటున్నాను. మోటారు తీసేయండి. వాన పడినప్పుడు చర్చి కప్పు మీది నీళ్లు వడగట్టి ఆ బోరులోకే దింపండి. ఎలాగో ఇంజినీరు గారు చెప్తారు. ఎనిమిదేళ్లు ఇచ్చింది, ఇక తాగనివ్వండి. మల్లేశ్వరరావు గారికి ఒక మనవి. మీ లారీల మీద నా బిడ్డ పేరు చెరిపేయండి. మీకు ఇంకే పేరైనా దొరుకుతుంది, నాకు దొరకదు. అన్నమ్మ."

ఇది రాసేటప్పుడు అక్షరాలు వంకరగా పోయాయి. వాళ్లు నమ్మకపోతే పుస్తకంలో అంటించిన నా పాత సంతకంతో పోల్చి చూసుకోమను.

రాయి పెకలించాక సమాధి మీద పెట్టొద్దు, బరువు. గోడకి ఆనించి ఉంచు. సమాధి ఇంకా దిగితే దిగనీ. ఎత్తు పెంచొద్దు. నీ జీతం ఇటుకలకి పోయిందని నాకు చెప్పనే లేదు నువ్వు. 2021లో నేను రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపేయి. ఆ తారీఖున, వాడు పోయిన తారీఖున, దానికి నువ్వు జవాబు రాశావు. నేను తారీఖు చూసి కూడా కోపంలో ఉండిపోయాను.

సెల్వికి నువ్వు ఎవరో చెప్పు. ఆమె తిట్టినా చెప్పు. ఆమె పిల్లకి ఎలా ఉందో నాకు రాయి.

పెళ్లి మాట నేను వంకరగా అన్నాను. ఇప్పుడు సూటిగా అంటున్నాను. మంచివాడు దొరికితే చేసుకో. ముప్పై ఆరేళ్లు ఎక్కువేం కాదు. నాకు భయం వేసింది నీ పెళ్లికి కాదు, నువ్వు వెళ్లిపోతే వాడి గురించి మాట్లాడుకునేవాళ్లు నాకు లేకుండా పోతారని. చేసుకున్నాక కూడా ఉత్తరాలు రాస్తే చాలు.

మోకాళ్ల మందు మార్చారు, కొంచెం నడుస్తున్నాను. ఎండలు రాకముందే రమణమ్మని తోడు తీసుకుని ఒకసారి వస్తాను. నీళ్లు తీశాక వాడు ఉన్న చోటు నీ పక్కన నిలబడి చూడాలి.

నీ అత్తమ్మ,
అన్నమ్మ

ఈ కాగితం పట్టుకుని ఆదివారం కమిటీ ముందుకి ఖాళీ కడుపుతో పోవద్దు. ఇంట్లో కూర్చుని, వేడిగా వండుకుని, కడుపునిండా అన్నం తిని వెళ్లు.